తూర్పు అన్నదెవరు?

ఎండ మండిపోతున్నా సరే, చేతిలో గొడుగు లేకుండా బయటికి రాదు కాబట్టి ఊరంతా ఆవిడను గొడుగు మేడం అనేవారు. ఎదురుగా అనేవారు కాదు గానీ ఆవిడకు తెలుసు. వాతావరణ కేంద్రంలో పనిచేసేవాళ్ళకు ఇంతకంటే మంచి పేరు రావడం కష్టమేనని సరిపెట్టుకునేది.

ఆ ఉద్యోగంలో ఆవిడకు ఇరవై తొమ్మిదేళ్ళు. చేరిన కొత్తలో పనల్లా ఒకటే. పొద్దున్నే ఆఫీసు వెనక గడ్డిలో కాళ్ళు తడుపుకుంటూ వెళ్ళి, తెల్లటి చెక్కపెట్టె తలుపు తీసి, లోపల వేలాడే థర్మామీటర్లను చూసి అంకెలు రాసుకోవడం. రాసేటప్పుడు ఊపిరి బిగపట్టేది. ఊపిరి తగిలితే అంకె మారుతుందని మొదటి రోజు ఎవరో చెప్పారు. ఇప్పుడు ఆ పని వేరేవాళ్ళది. ఈవిడ కుర్చీలో కూర్చుని, మూడు తెరల మీది పటాలు చూసి, ఆ ప్రాంతానికంతటికీ రేపేం జరుగుతుందో రాస్తుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు రేడియోలో చదివేది ఆవిడ రాసిందే.

నాలుగేళ్ళ కిందట ఆవిడ పెనుగాలి వస్తుందని రాసింది. బడులు మూశారు, సంత ఎత్తేశారు. తెల్లారితే ఆకు కదల్లేదు. పైగా ఫెళ్ళున ఎండ కాసింది. క్షవరం షాపతను ఆ రోజు షాపు ముందు బట్టలు ఆరేసుకుంటూ, "గొడుగు మేడం పెనుగాలికి ఎంత బాగా ఆరుతున్నాయో!" అన్నాడట. ఆ మాట ఆవిడ చెవిదాకా రావడానికి గంట పట్టలేదు. అప్పటినుంచీ ఆవిడకో అలవాటయింది. తాను రాసింది తాను వినదు. ఒకటిన్నర కాగానే ఆఫీసులో రేడియో కట్టేసి అన్నం డబ్బా తెరుస్తుంది.

ఈ సంగతి జరిగింది చలికాలం చివర్లో. దుప్పట్లు ఉతికి అటకెక్కించేసిన రోజుల్లో నైరుతి నుంచి ఒక తుఫాను బయల్దేరింది. అది వచ్చేది ఖాయం. ఎటు వచ్చేదీ తేలలేదు.

ఊరికి అవతల నిలువునా ఒక కొండల వరుస ఉంది. దానికి పడమర ఒక లోయ, తూర్పున ఒక లోయ. రెండు లోయల్లోంచీ చెరొక రోడ్డు పైకి సాగి, ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో కలుస్తాయి. ఆ ఊళ్ళో ముప్ఫై మంచాల ఆసుపత్రి ఉంది. తుఫాను కొండలకు దక్షిణంగా దాటితే తూర్పు నుంచి గాలి వీస్తుంది. ఆ గాలి మోసుకొచ్చే తేమంతా తూర్పు లోయలో మంచై కూలబడుతుంది. ఉత్తరంగా దాటితే అంతా తారుమారు. పడమటి గాలి, పడమటి లోయలో మంచు. ఒక కంప్యూటరు లెక్క దక్షిణం అంటోంది, రెండోది ఉత్తరం అంటోంది. మూడో తెర మీద ఆరు గంటలకోసారి మాట మారుతోంది.

"నీ తుఫాను సంగతేం తేలింది?" అన్నాడు పొద్దున ఆవిడ భర్త, లెక్కల పేపరు దిద్దుతున్నట్టు కళ్ళజోడు పైనుంచి చూస్తూ. రిటైరైన మాస్టారాయన.

"నా తుఫానేమిటండీ, నేనేమన్నా పెంచుకుంటున్నానా?"

"సరే, వచ్చే తుఫాను."

"ఎటూ తేలలేదు."

"ఎటూ తేలకపోతే అదే రాయి."

"అలా రాస్తే జీతం ఎందుకిస్తున్నామని అడుగుతారు."

నిజంగానే ఆఫీసుకు వెళ్ళేసరికి డైరెక్టరు గారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "మేడం, రోడ్ల శాఖవాళ్ళ దగ్గర మంచు తోసే యంత్రాలు రెండే ఉన్నాయి. ఒక్కటైతే చాలదట, రెండూ ఒకే లోయలో పెట్టాలి. ఏ లోయో మధ్యాహ్నానికల్లా చెప్పాలి. రెండు లోయల్లోనూ జాగ్రత్తగా ఉండండి అంటే ఏమీ చెప్పనట్టే."

గొడుగు మేడం కూర్చుని రెండు బులెటిన్లు రాసింది. ఒకదానికి 'తూర్పు' అని పేరు పెట్టింది, రెండోదానికి 'పడమర' అని. రెండూ పూర్తిగా రాసింది. ఎంత మంచు పడుతుందో, ఎన్నింటికి మొదలవుతుందో, ఏయే బడులు మూయాలో, ఏ రోడ్డు వదిలేయాలో. తేల్చుకోగానే ఒకటి పంపితే సరిపోతుంది. రాశాక చదువుకుంటే రెండూ నిజంలాగే ఉన్నాయి. అదే ఆవిడను మరీ కంగారుపెట్టింది. ఇంత నమ్మకంగా రెండు మాటలు రాసిన మనిషి ఒక్క మాట ఎలా చెబుతుంది?

ఇక మిగిలింది బెలూన్ బాబాయి. కొండ అంచున గాలిబుడగ వదిలి, అది ఎటు కొట్టుకుపోతుందో దుర్భిణితో చూసి, పైన గాలి ఎటునుంచి వీస్తోందో రాసే మనిషి. పదవీ విరమణకు రెండు నెలలుంది. ఆ రోజు మబ్బు కిందికి దిగిపోయి ఏమీ కనబడటం లేదు. ఏదో ఒక సందు దొరక్కపోతుందా అని పొద్దుటినుంచీ చలిలో నిలబడే ఉన్నాడు. పన్నెండు దాటాక ఫోన్ చేశాడు. అవతల గాలి హోరు.

"బాబాయ్, కనబడిందా?"

"కనబడిందమ్మా! నాలుగు నిమిషాలు కనబడింది. తూర్పే!"

"తూర్పేనా? ఖాయమా?"

"ఖాయంగా తూర్పేనమ్మా!"

ఆవిడ ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకుంది. బుడగ తూర్పుకు పోయింది. అంటే గాలి పడమటి నుంచి వీస్తోంది. అంటే తుఫాను ఉత్తరంగా దాటుతోంది. మంచు పడమటి లోయలో పడుతుంది. అమ్మయ్య, తేలింది. పంపడానికి కంప్యూటరు ముందు కూర్చుందో లేదో మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి తమ్ముడు.

తమ్ముడు వ్యాను నడుపుతాడు. ఉత్తరాన ఉన్న ఆసుపత్రికి వారానికి రెండుసార్లు ఆక్సిజన్ సిలిండర్లు చేరవేస్తాడు.

"అక్కా, ఆసుపత్రివాళ్ళు ఇవాళే కావాలంటున్నారు. ఏ దారిన పోను?"

"తూర్పు దారిన వెళ్ళరా."

"రేడియోలో ఇంకా ఏమీ చెప్పలేదుగా."

"రేడియోలో చెప్పేది నేనేగా! తూర్పు అంటున్నానా లేదా? తూర్పు. తూర్పు రోడ్డు పట్టుకో. పడమర వైపు వెళ్ళకు."

"సరే అయితే," అని పెట్టేశాడు. ఈ మాటలు అంటూనే ఆవిడ బులెటిన్ పంపేసింది. తెర మీద 'చేరింది' అని వచ్చింది. ఇన్ని రోజులకు భుజాల మీది బరువు దిగినట్టయింది. ఫోను సంచిలో పడేసి, సంచి కొక్కేనికి తగిలించి, ఒకటిన్నరకు రేడియో కట్టేసి, అన్నం తింది. ఆ రోజు పచ్చడి కూడా రుచిగా అనిపించింది.

అక్కడ తమ్ముడు వ్యాను నడుపుతూ రేడియో విన్నాడు. అనౌన్సరు గొంతు తాపీగా చెప్పింది. తూర్పు లోయలో భారీగా మంచు కురుస్తుంది, బడులు మూసేయాలి, బస్సులు ఆపేయాలి, తూర్పు రోడ్డు మీదికి ఎవరూ వెళ్ళవద్దు. తమ్ముడు వ్యాను పక్కకు ఆపి అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. చివరికి బావకు చేశాడు.

"బావా, అక్కేమో తూర్పు దారిన పొమ్మంది. అక్క రాసిందేమో తూర్పు వద్దంటోంది. నేనెవర్ని నమ్మాలి?"

మాస్టారు ఆలోచించాడు. "మీ అక్క నీతో ఎప్పుడు చెప్పింది?"

"పన్నెండుంపావుకు."

"రేడియోలో ఎప్పుడు చెప్పారు?"

"ఒకటిన్నరకు."

"అయితే రేడియోది తాజా మాట. కాకపోతే వాళ్ళు చదివేది ముందే రాసింది. కాబట్టి మీ అక్కదే తాజా మాట అయినా కావచ్చు."

"బావా, నన్ను దారి చెప్పమన్నానా, లెక్క చేయమన్నానా?"

"ఇంకోసారి అక్కకే చేసి చూడరా," అన్నాడు మాస్టారు, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

తమ్ముడు మొత్తం ఏడుసార్లు చేశాడు. తర్వాత, రేడియో వాళ్ళకు నేనెవరో తెలీదు, అక్కకు తెలుసు, నన్ను మంచులోకి పంపదు కదా అనుకుని తూర్పు రోడ్డెక్కాడు.

మూడున్నర దాటాక గొడుగు మేడం కిటికీ దగ్గరికి వెళ్ళింది. మేడ మీద గాలి దిక్కు చూపే బాణం మొన తూర్పుకు తిరిగి గజగజ వణుకుతోంది. బాణం మొన ఎటుంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. ఆవిడ కళ్ళు నులుముకుంది. లోపలికి పరుగెత్తి రాడార్ చూసింది. కొండలకు తూర్పున తెర తెల్లగా కమ్ముకుపోయి ఉంది. పడమర వైపు చుక్క లేదు.

బడులన్నీ తూర్పు లోయలోనే ఎక్కువ. నాలుగుంపావుకు పిల్లల బస్సులు బయల్దేరతాయి. యంత్రాలేమో పడమర ఉంటాయి. డైరెక్టరు గారి గదిలోకి తలుపు తట్టకుండా దూరింది.

"సార్, ఘోరం జరిగిపోయింది. వెంటనే సవరణ పంపాలి. మంచు తూర్పున పడుతోంది."

"అవును మేడం, చూస్తున్నా," అన్నారాయన మురిసిపోతూ. "అచ్చం మీరన్నట్టే."

"నేను పడమర అన్నాను సార్!"

ఆయన ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "మీరు తూర్పు అన్నారు. తూర్పు లోయలో బడులన్నీ మూసేశారు, బస్సులు షెడ్డులో ఉన్నాయి, రెండు యంత్రాలూ అక్కడే దిగాయి. ఇప్పుడు సవరణ దేనికి?"

"పిల్లల బస్సులు..."

"పిల్లలు ఇళ్ళలో ఉన్నారు మేడం. కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి. వారం రోజులుగా మీకు సరిగ్గా నిద్ర లేదు."

ఆవిడ కూర్చుంది. నీళ్ళు తాగింది. పడమర అన్నాను. అన్నానా? ఎవరితో అన్నాను? గుర్తు చేసుకుంటే, పడమర అన్న మాట తాను పైకి ఒక్కరితోనే అన్నట్టు తోచింది, అదీ 'పడమర వైపు వెళ్ళకు' అని.

"తమ్ముడు!" అంటూ లేచింది.

సంచిలోంచి ఫోన్ తీస్తే ఎత్తని కాల్స్ ఏడున్నాయి. తిరిగి చేస్తే మోగలేదు. రోడ్ల శాఖకు చేసింది. "తూర్పు రోడ్డు మీద నీలం వ్యాను, సిలిండర్లున్నాయి, మా తమ్ముడు," అని చెప్పింది.

"తూర్పు రోడ్డు మీదికి ఎవర్నీ వెళ్ళొద్దని మీ ఆఫీసే చెప్పింది కదమ్మా," అన్నాడు అవతలి మనిషి.

"చెప్పాం," అంది ఆవిడ. "నేనే వెళ్ళమన్నాను."

"చూస్తామమ్మా," అని పెట్టేశాడు.

ఆ రెండు గంటలు ఎలా గడిచాయో ఆవిడకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కుర్చీలో కూర్చుంటే రాడార్ కనబడుతోంది, లేచి నిలబడితే మేడ మీది బాణం కనబడుతోంది. మాస్టారు ఫోన్ చేసి, "వాడు నన్నడిగాడే, నేను సరిగ్గా చెప్పలేకపోయాను," అంటే, "ఏం సరిగ్గా చెబుతారు, నాకే తెలియనిది," అంది. ఆరు కావస్తుండగా తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఆసుపత్రిలో ఉన్నా."

"దెబ్బలేమైనా..."

"దెబ్బలా? సిలిండర్లు దింపుతున్నానే తల్లీ! మలుపు దగ్గర చక్రాలు కూరుకుపోయాయి. అరగంటలో అద్దం దాకా మంచు. అయిపోయాననుకున్నా. వెనకనుంచి ఇంత యంత్రం వచ్చింది. ముందు అది తోసుకుంటూ పోతుంటే వెనక నేను, ఊరేగింపులాగా వచ్చాం. వాళ్ళు అక్కడ లేకపోయుంటే తెల్లారేదాకా అక్కడే ఉండేవాణ్ణి." ఆగి, గొంతు మార్చాడు. "అది సరే గానీ, నేను చచ్చి నీకేం వచ్చేది చెప్పు?"

ఆవిడ ఏడ్చింది. అతను హడలిపోయి, "ఊరికే అన్నానే, ఊరికే," అన్నాడు.

మర్నాడు ఆఫీసులో బల్ల మీద పూలగుత్తి ఉంది. రేడియోవాళ్ళు పంపారు. క్షవరం షాపతను దారిలో ఎదురై, చేతులు జోడించి, "మేడం, మీరు మామూలు మనిషి కారు," అన్నాడు. ఆవిడకు నవ్వాలో పారిపోవాలో తోచలేదు. తలుపు వేసుకుని, పంపిన బులెటిన్ల జాబితా తెరిచింది. పన్నెండుంపావుకు పంపినది 'తూర్పు'. పంపింది ఆవిడే. అక్షరం పొల్లుపోకుండా ఆవిడ రాసిందే. 'పడమర' ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత బెలూన్ బాబాయి రిజిస్టరు తెప్పించింది. అందులో వంకర టింకర అక్షరాలతో, 'గాలి దిశ: తూర్పు' అని ఉంది.

"బాబాయ్, బుడగ తూర్పుకు పోయిందన్నావు కదా?"

"నేనా? బుడగ పడమరకు పోయిందమ్మా. గాలి తూర్పుది. నలభై ఏళ్ళనుంచీ నేను గాలే కదా చెబుతాను, బుడగ ఎటు పోతే ఎవరిక్కావాలి?"

"కనబడిందా అంటే కనబడింది, తూర్పే అన్నావు. కనబడేది బుడగ కదా!"

"అవును, కనబడింది బుడగే," అన్నాడు బాబాయి తల గోక్కుంటూ. "కానీ చెప్పింది గాలి."

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు కాగితం మీద బాణాలు గీసి చూపించాడు. బాబాయి మాట తప్పుగా విని నువ్వు పడమర అనుకున్నావు, అది ఒక తప్పు. పంపేటప్పుడు మీ తమ్ముడితో తూర్పు తూర్పు అంటున్నావు, నోరు అంటున్నదాని మీదే చెయ్యి పడింది, అది రెండో తప్పు. రెండూ కలిసి ఒప్పయ్యాయి. ఆయనకు లెక్క తేలినందుకు సంతోషంగా ఉంది. ఆవిడ మాత్రం ఆ కాగితాన్ని బోర్లా తిప్పేసింది. ఆ సమయానికి తమ్ముడు ఫోన్ చేయకపోయుంటే? అసలు అలాగే జరిగిందని మాత్రం ఎవరు చెప్పగలరు? తన వేలు ఏ పేరు మీద పడిందో తనకే గుర్తు లేదు.

తమ్ముడు ఆదివారం వచ్చి భోంచేశాడు. ఆవిడ దాచకుండా మొత్తం చెప్పింది. అతను అన్నం కలుపుతూ విని, "అంటే నన్ను చావుకు పంపిందీ నువ్వే, యంత్రాన్ని పంపిందీ నువ్వే. ఇప్పుడు నీ మీద కోప్పడాలా, నీ కాళ్ళకు మొక్కాలా?" అన్నాడు.

"కోప్పడరా," అంది ఆవిడ. "నాకదే తేలిగ్గా ఉంటుంది."

"ఆకలి మీదున్నా. తిన్నాక చూస్తాలే," అన్నాడు. తిన్నాక నిద్రపోయాడు.

సోమవారం ఆవిడ జరిగిందంతా రెండు పేజీలు రాసి డైరెక్టరు గారికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివారు. "మేడం, ఇప్పటిదాకా తప్పు జరిగిందని జనం రాస్తే మనం కాదని జవాబిచ్చేవాళ్ళం. జనం ఒప్పంటున్నప్పుడు తప్పని మనమే రాస్తే దాన్ని ఏ ఫైల్లో పెట్టాలి?" అన్నారు. పెట్టడం మాత్రం పెట్టారు. ఇకమీదట గాలి గురించి ఫోన్లో చెప్పేటప్పుడు 'ఎటునుంచి' అన్న మాట తప్పనిసరిగా అనాలని, బులెటిన్ పంపేముందు ఇంకొకరికి పైకి చదివి వినిపించాలని ఉత్తరువు రాశారు. దాని మీద సంతకం చేసిన చేత్తోనే, ఆవిడను మెచ్చుకుంటూ పైనుంచి వచ్చిన ఉత్తరం కూడా అందించారు.

రోడ్డు తెరిచాక ఒక రోజు సెలవు పెట్టి ఆవిడ బస్సెక్కి తూర్పు లోయకు వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నావని మాస్టారు అడిగితే, "చూసి రావాలనుంది," అంది గానీ ఏం చూడాలో ఆవిడకూ తెలియదు. రోడ్డుకు రెండు పక్కలా మనిషెత్తు మంచు గోడలు మురికిపట్టి కారుతున్నాయి. బడి దగ్గర దిగింది. హెడ్ మాస్టరమ్మ ఎదురొచ్చింది. ఎవరో తెలియగానే రెండు చేతులూ పట్టుకుని బడి వెనక్కి లాక్కెళ్ళింది. పిల్లలు బస్సు కోసం నిలబడే రేకుల షెడ్డు తడిమంచు బరువుకు మధ్యకు విరిగి, నేలను కరుచుకుని పడుంది.

"నాలుగూ పదికి కూలింది," అంది హెడ్ మాస్టరమ్మ. "రోజూ నాలుగూ పదికి దీనికింద అరవై మంది ఉంటారు."

గొడుగు మేడం ఆ వంగిన రేకులు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత, "నేను పడమర అనుకున్నానండీ," అంది.

"ఏమిటీ?"

"మంచు పడమర పడుతుందనుకున్నాను. తూర్పు అని పొరపాటున పంపాను. అనుకున్నది పంపి ఉంటే మీ బడి తెరిచే ఉండేది."

హెడ్ మాస్టరమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. "కానీ మూసేయమని చెప్పింది మీరేగా?"

"చెప్పాను. చెప్పాలనుకోలేదు."

"మరి ఎవరనుకున్నారు?"

"ఎవరూ అనుకోలేదండీ."

హెడ్ మాస్టరమ్మకు ఇదంతా అర్థమైందో లేదో గానీ, గంట కొట్టించింది. పిల్లలంతా బిలబిలమంటూ వచ్చి వరసల్లో నిలబడ్డారు. "పిల్లలూ, ఆ రోజు మనకు సెలవిమ్మని చెప్పింది ఈవిడే," అంది. సెలవు అన్న మాట వినగానే బడి మొత్తం చప్పట్లతో దద్దరిల్లిపోయింది. గొడుగు మేడం ఏదో చెప్పబోయింది. ఆ మోతలో వినబడదని తెలిసి మానేసింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరూ తన వంకే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక, కాసేపటికి తనూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.